ఎనిమిదో కుంచం

నేను ఒక కుంచాన్ని. గింజలు కొలిచే పాత్రని. నాలుగు మానికలు పడతాను. అంతకంటే ఎక్కువ పట్టను, తక్కువ పట్టను. పట్టేవాడినని చెప్పాలేమో. ఇప్పుడు నా అడుగున బొటనవేలు దూరేంత బెజ్జం ఉంది. ఏం పోసినా నిలవదు. ఆ బెజ్జం సంగతి దాని చోట చెబుతాను.

నేను జిట్రేగి మొద్దులోంచి పుట్టాను. కొండ మీద కొట్టిన చెట్టును కిందికి దొర్లించుకొచ్చి, ఒక వడ్రంగి నెల రోజులు నా కడుపు తొలిచాడు. తొలిచినంతసేపూ ఒక్క మాట మాట్లాడలేదు. కమ్మరి వచ్చి అంచుకీ నడుముకీ ఇనప పట్టీలు వేశాడు. అప్పుడు నన్ను జమీ ఠాణాకి, అంటే జమీందారు కచేరీకి, తీసుకెళ్లారు. అక్కడ ఒక ఇత్తడి కుంచం ఉండేది. దాన్ని తాళం వేసిన పెట్టెలో పెట్టేవారు, బయటికి తీస్తే జవాను నిలబడేవాడు. అందులో ఆవాలు పోసి, అవే నాలోకి వంచారు. గుప్పెడు మిగిలాయి. నా కడుపు ఇంకొంచెం గీకారు. మళ్లీ పోశారు. చిటికెడు మిగిలాయి. మళ్లీ గీకారు. నాలుగోసారికి అంచుకి సరిగ్గా వచ్చాయి. వెంటనే ఎర్రగా కాలిన ముద్ర తెచ్చి నా డొక్కన నొక్కారు. నెమలి బొమ్మ. ఆ వాత నాకు ఇప్పటికీ గుర్తుంది. అది లేకపోతే నేను ఉత్త చెక్క బుంగని. అది పడ్డాక నేను చెప్పిందే కొలత.

ఆ ఠాణాలోనే ఇంకో ఇద్దర్ని చూశాను. నాలాంటివాళ్లే, నెమలి ముద్ర ఉన్నవాళ్లే. ఒకటి రైతు దగ్గర శిస్తు గింజలు పుచ్చుకునే కుంచం. రెండోది కూలివాళ్లకి గింజలు ఇచ్చే కుంచం. ఇద్దరూ కవలలని గుమాస్తా అందరికీ చెప్పేవాడు. పుచ్చుకునేది కొంచెం లావుగా ఉండేది. కవలల్లో ఒకరు బాగా తింటే అంతేగదా అనుకున్నాను. చిన్నతనం. నాకప్పుడు మనుషుల సంగతి తెలియదు.

నన్ను మాత్రం నీలాటివలస సంతకి పంపారు. కొండల మొదట్లో ఉండే సంత అది. ప్రతి లక్ష్మివారం జరిగేది. కొండ మీద నుంచి జాతాపులు, సవరలు కందులూ చోళ్లూ చింతపండూ దింపేవారు. సముద్రం వైపు నుంచి ఉప్పు బళ్లు వచ్చేవి. డబ్బుతో ఎక్కువమందికి పని ఉండేది కాదు. ఇటు గింజలు పోస్తే అటు ఉప్పు పోసేవారు. మధ్యలో నేను. నన్ను పట్టుకునే చెయ్యి అసిరయ్యది.

అసిరయ్య సంతకి కొలగాడు. కొలవడమే అతని పని. నేను చేరేనాటికి పాతికేళ్ల మనిషి. పొడుగ్గా, ఎండు కట్టెలా ఉండేవాడు. మాట తక్కువ. కొలగాడికి కొన్ని కట్టుబాట్లు ఉండేవి. ఆ సంతలో అతను ఏదీ అమ్మకూడదు, ఏదీ కొనకూడదు. ఎవరి కుండలో నీళ్లు తాగకూడదు. ఎవరి ఆకులో ఇంత ముద్ద తినకూడదు. తింటే ఆ మనిషి వైపు చెయ్యి మొగ్గుతుందని జనం భయం. కుప్పకి గుప్పెడు గింజలు, అదే అతని కూలి. మధ్యాహ్నం సంతంతా చెట్ల కింద గుంపులు గుంపులుగా కూర్చుని నవ్వుకుంటూ తినేది. అసిరయ్య తన బండ మీద నా పక్కన ఒక్కడే కూర్చుని, ఇంటి నుంచి తెచ్చుకున్న చల్దన్నం తిని, తన ముంతలో నీళ్లు తను తాగేవాడు. అందరూ అతన్ని నమ్మేవారు. ఎవరూ అతన్ని పక్కకి పిలిచేవారు కారు. పెళ్లాం పెళ్లయిన మూడో ఏడు కలరాలో పోయింది. మళ్లీ చేసుకోలేదు. ఇంట్లోనూ నేనే, సంతలోనూ నేనే. అలాగని నాతో మాట్లాడేవాడా అంటే అదీ లేదు.

కాని కొలిచేటప్పుడు అతని గొంతు వినాల్సిందే. ఒక కుప్ప దగ్గర కూర్చుని నన్ను నింపేవాడు. గింజలు గోపురంలా లేస్తే, గుండ్రటి కర్ర అంచు మీద లాగి సమం చేసేవాడు. పక్కనున్న గుడ్డ మీద వంచేవాడు. మొదటి కుంచాన్ని ఒకటి అనకూడదు. లాభం అనాలి. ఒకటి అంటే ఒంటరిది, మొదలే ఒంటరిగా మొదలుపెడితే ఇల్లు నిండదని వాళ్ల నమ్మకం. అందుకని, "లాభం... లాభం... లాభం..." అని పాడుతూ రెండోది నింపేవాడు. అది వంచగానే "రెండు... రెండు... రెండు..." అని మూడోది నింపేవాడు. నోరు ఆగితే లెక్క జారుతుంది. అందుకే నోరు ఆగకూడదు. కొలిచిన గింజలు అమ్మేవాడూ కొనేవాడూ ఇద్దరూ సరే అనేదాకా గుడ్డ మీదే ఉండాలి. ఎవరికైనా అనుమానం వస్తే గింజలన్నీ వెనక్కి పోసి మొదటి నుంచి మళ్లీ కొలవాలి. నేను చెప్పబోయే రోజు దాకా అసిరయ్య కొలిచిన ఇరవై ఏడేళ్లలో ఒక్కసారి కూడా వెనక్కి పొయ్యలేదు. పొయ్యమని అడిగినవాళ్లూ లేరు. రోజంతా మాట్లాడని మనిషి ఆ అంకెలు మాత్రం అంత తియ్యగా పాడేవాడు. అతనికున్న మాటలన్నీ అవే అనుకుంటాను.

కుంచం ఉప్పుకి కుంచం కందులు ఇచ్చేవారు. ఆ రోజుల్లో సంతలో ధర అది. న్యాయమా అని అడిగితే నాకు తెలియదు. నేను కొలతని. ధరని కాను. ధర పెట్టేవాళ్లు వేరే ఉండేవారు, వాళ్లు నీడలో కూర్చునేవారు.

అలా జరిగిపోతుండగా ఒక లక్ష్మివారం డప్పు కొట్టుకుంటూ ఒకతను వచ్చి, జమీ పోయిందనీ, ఇకమీదట దొరగారికి శిస్తు కట్టనక్కర్లేదనీ, సర్కారే అన్నీ చూసుకుంటుందనీ చెప్పాడు. జనంలోంచి ఒక ముసలాయన అడిగాడు.

"దొర పోనాడంటావు బాగానే ఉంది. మరి కుంచమో?"

డప్పు కొట్టినవాడికి ఆ సంగతి ఎవరూ చెప్పి పంపలేదు.

ఆర్నెల్లు అలాగే నడిచింది. నా ఒంటి మీద నెమలి ఉంది, ఆ నెమలికి విలువ లేదు. సర్కారు ముద్ర ఇంకా రాలేదు. అంటే ఆ ఆర్నెల్లూ నేను మళ్లీ చెక్క బుంగనే. అయినా సంత ఆగలేదు. గింజలు దిగాయి, ఉప్పు ఎక్కింది. ఎందుకంటే అసిరయ్య నోరు ఉంది. అతను ఏడు అంటే ఏడు. రాజు లేని ఆ ఆర్నెల్లూ ఆ సంతకి రాజు ఎవరంటే, చల్దన్నం తినే ఆ మూగమనిషి. ఆ బరువు అతని చేతిలో నాకు తెలిసేది. కర్ర లాగే చెయ్యి మునుపటికన్నా గట్టిగా లాగేది.

ఆ రోజు సంగతి చెప్పాలి ఇప్పుడు.

బిడ్డిక సుక్కాయి అని ఈతగూడ నుంచి వచ్చేది. జాతాపు మనిషి. ముప్పయ్యేళ్లుంటాయి. మాట గట్టిది, నవ్వు పెద్దది. ఆమె మగడు కావిడి దించి దూరంగా కూర్చునేవాడు, అతనికి సంతంటే బెరుకు. బేరం అంతా సుక్కాయిదే. ఆమెకి అంకెలు పాడటం రాదు. కుంచం వంచినప్పుడల్లా ఒక చింతపిక్క ఒళ్లో వేసుకునేది.

ఆ రోజు కందులు తెచ్చింది. కొనేది కూర్మన్న షావుకారు. ఉప్పు బళ్లు అతనివే. అసిరయ్య నన్ను నింపి, "లాభం" అని షావుకారు గుడ్డ మీద వంచాడు. సుక్కాయి ఒక పిక్క వేసుకుంది. "లాభం... లాభం..." అని పాడుతూ అసిరయ్య నన్ను రెండోసారి నింపాడు. అంతలో సంత పాటదారు లచ్చుంనాయుడు వచ్చి నెత్తి మీద నిలబడ్డాడు. ఆ ఏడు సంత ఆశీలు వసూలుకి వేలంపాట పాడుకున్నది అతనే.

"అసిరయ్యా, నీ కుంచానికి ముద్దరేదయ్యా?" అన్నాడు.

అసిరయ్య పాట ఆగింది.

"ఉంది గదా."

"ఏటుంది? ఆ నెమలా? ఆ నెమలి ఎగిరిపోనాది. తాలూకా ఆఫీసులో అడిగితే ఏటన్నారో తెలుసా? ముద్దర నేని కుంచంతో కొలిస్తే సంతే మూసెయ్యమన్నారు. నా పాట డబ్బు నువ్విత్తావా?"

"ముద్దర వొత్తాది."

"ఎప్పుడొత్తాది? నాను మునిగిపోయినాకా? పక్కూరు నుంచి ఇంకో కొలగాణ్ణి తెచ్చుకుంటాను, సూడు. కొత్త కుంచం, కొత్త మనిషి."

నేను నిండుగా అసిరయ్య చేతిలోనే ఉన్నాను. అతను లచ్చుంనాయుడి ముఖం చూస్తున్నాడు. నాయుడు ఇంకో నాలుగు మాటలని వెళ్లిపోయాడు. అసిరయ్య కళ్లు అతని వెనకాలే వెళ్లాయి. తర్వాత నన్ను చూశాడు. నిండుగా ఉన్నాను. గుడ్డ వైపు చూడలేదు.

"లాభం" అని వంచాడు.

సుక్కాయి రెండో పిక్క వేసుకుంది.

నాకు తెలుసు. నా కడుపు రెండుసార్లు ఖాళీ అయింది. నాకు నోరు లేదు. అతను "లాభం... లాభం..." అని మళ్లీ పాడుతూ నింపడం మొదలుపెట్టాడు. రెండు, మూడు, నాలుగు. కందులు అయిపోయేసరికి, "ఏడు" అన్నాడు.

"ఎనిమిది బాబూ" అంది సుక్కాయి. నవ్వుతూనే అంది. ఒడి చాపి చూపించింది. "పిక్కలు సూడు. ఎనిమిదున్నాయి."

అసిరయ్య ఆ పిక్కల వైపు చూశాడు. అప్పుడు అతని వేళ్లు నా అంచుని బిగించి పట్టాయి. లాభం అని రెండుసార్లు అన్నట్టు అతనికి అప్పుడే గుర్తొచ్చింది. ఆ పట్టు నాకు తప్ప ఎవరికీ తెలియలేదు.

వెనక్కి పోస్తే సరిపోయేది. అరగడియ పని. కాని చుట్టూ జనం మూగారు. లచ్చుంనాయుడు పది అడుగుల్లో ఆగి వెనక్కి తిరిగి చూస్తున్నాడు. ముద్ర లేని కుంచం, తప్పు పాడిన కొలగాడు. ఈ రెండూ ఒకేరోజు బయటపడితే ఇరవై ఏడేళ్ల లెక్కలన్నీ లేచి నిలబడతాయి. ప్రతివాడూ నాది కూడా తప్పే కొలిచావేమో అంటాడు. అసిరయ్య అదంతా ఒక్క క్షణంలో ఆలోచించుకున్నాడు.

"ఏడు" అన్నాడు మళ్లీ.

కూర్మన్న షావుకారు కూడా చూశాడు, అతనికీ తెలుసు. కాని కొలగాడు ఏడంటే తనకేం పోయింది? గుడ్డ నాలుగు మూలలూ ఎత్తి కందులు గోతాంలో పోసేశాడు.

"కొండోళ్లకి లెక్కలేటి తెలుస్తాయే" అన్నారెవరో వెనక నుంచి. అందరూ నవ్వారు. "పిక్కలు అటూ ఇటూ దొర్లిపోయుంటాయి" అన్నాడు ఇంకొకడు. మళ్లీ నవ్వారు. సుక్కాయి నవ్వు అప్పటికి పోయింది. ఆమె అసిరయ్య నోటివైపే చూస్తూ నిలబడింది. అతను తల ఎత్తలేదు. ఉప్పు కొలవడం మొదలుపెట్టాడు. లాభం, రెండు, మూడు. ఏడు దగ్గర ఆగాడు.

ఆమె ఉప్పు కావిడిలో వేయించుకుంది. ఎనిమిది పిక్కలూ కొంగులో ముడి వేసుకుంది. వెళ్లిపోయింది.

మరుసటి నెల సర్కారు ముద్ర వచ్చింది. నెమలికి పైనున్న నా ఇనప పట్టీ మీద నాలుగు అంకెలూ ఒక అక్షరమూ సుత్తితో కొట్టారు. లచ్చుంనాయుడు తనే కొబ్బరికాయ కొట్టించాడు. మళ్లీ నేను కొలతనయ్యాను. నా కడుపులో మాత్రం ఏమీ మారలేదు. దొరలనాటి నాలుగు మానికలే, సర్కారునాటి నాలుగు మానికలే. ముద్రలు మార్చుకునేది మనుషులు, నేను ఒళ్లు ఇచ్చేవాణ్ణి.

సుక్కాయి మళ్లీ ఆ సంతకి రాలేదు. ఈతగూడ వాళ్లు ఒక్కొక్కరే మానేశారు. కొండకి అవతలవైపు ఇంకో సంత ఉంది, రెండు కోసుల దూరం ఎక్కువ, అక్కడికి పోతున్నారని తెలిసింది. ఎవరూ గొడవ చెయ్యలేదు, పంచాయితీ పెట్టలేదు. రావడం మానేశారు, అంతే. ప్రతి లక్ష్మివారం అసిరయ్య బండ మీద కూర్చుని కొండదారి వైపు చూసేవాడు. కావిడి కనిపిస్తే మెడ సాచేవాడు. వేరే ఊరివాళ్లని తెలిసి మళ్లీ తల దించుకునేవాడు.

అతని ఇంట్లో దూలానికి ఒక కుండ వేలాడేది. అందులో సరిగ్గా ఒక కుంచం ఉప్పు. ఆ సంతలో అతను కొనకూడదు కదా, ఏడు మైళ్లు నడిచి ఇంకో సంతలో తెచ్చాడు. నాతో కొలిచి కుండలో పోశాడు. కొలిచినప్పుడు ఏమీ పాడలేదు. వానాకాలం వస్తే ఉప్పు చెమర్చి, కుండ అడుగు నుంచి బొట్టు బొట్టుగా కారిపోయేది. భాద్రపదం నాటికి సగం కుండ అయ్యేది. అతను మళ్లీ నడిచి వెళ్లి, తరుగు తెచ్చి నింపేవాడు. అలా తొమ్మిదేళ్లు నింపాడు. ఎవరి చేతనైనా సుక్కాయికి పంపొచ్చు కదా అని మీరంటారు. పంపితే ఏమని పంపాలి? ఏ ఉప్పు అని అడిగితే ఏం చెప్పాలి? ఆ ఒక్క మాట చెప్పలేకే కదా, ఇంత ఉప్పు నీళ్లపాలు చేసింది.

ఒక్కోసారి కుండ కింద నిలబడి కారుతున్న బొట్టుని అరచేత్తో పట్టేవాడు. తర్వాత ఆ చెయ్యి పంచెకి తుడుచుకునేవాడు.

తొమ్మిదో ఏడు మళ్లీ డప్పు వచ్చింది. కుంచాలూ మానికలూ తవ్వలూ ఇక చెల్లవు, దేశమంతా ఒకటే తూకం, కిలోలు. వచ్చే లక్ష్మివారం తాలూకా నుంచి ఆఫీసరు వస్తారు, కొలపాత్రలు అప్పజెప్పాలి, దాచుకుంటే జరిమానా. ఈసారి ముసలాయన లేడు అడగడానికి. ఎవరూ ఏమీ అడగలేదు.

అసిరయ్య ఇంటికి వచ్చి దూలం వైపు చూస్తూ కూర్చున్నాడు. బుధవారం తెల్లారగానే కుండ దింపి, ఉప్పు నాలో పోశాడు. అంచుకి సరిగ్గా వచ్చింది. గుడ్డ కట్టి నన్ను నెత్తిన పెట్టుకుని కొండ ఎక్కాడు. అప్పటికి అతనికి అరవై దాటాయి. రెండు చోట్ల దించుకుని ఊపిరి తీసుకున్నాడు. నన్ను కొట్టుకొచ్చిన చెట్టు మొదలు ఆ దారిలోనే ఎక్కడో ఉండాలి. నేను గుర్తుపట్టలేకపోయాను.

ఈతగూడలో సుక్కాయి వాకిట్లో సామలు దంచుతోంది. జుట్టు నెరిసింది. అసిరయ్యని చూసి రోకలి ఆపింది. లేవలేదు. అతను నన్ను ఆమె ముందు దించి గుడ్డ విప్పాడు.

"ఏటిది?"

"ఉప్పు."

"ఏ ఉప్పు?"

"నీదే."

సుక్కాయి నాలోకి వంగి చూసింది.

"ఇన్నాళ్లు ఉప్పు నేక కూరొండుకోనేదా బాబూ, మేము?" అంది.

"ఆ దినం సంతంతా నవ్వినారు. నువ్వు నోరిప్పనేదు. సరే, ఊరోళ్లు నవ్వితే నవ్వినారు. నా మగడు సచ్చిపోయినాడు, తెలుసా నీకు? మొన్న ఏసంకాలం. పోయేముందు కూడా నవ్వుతా అన్నాడు, ఆ దినం పిక్క తప్పేసినావే సుక్కీ, అని. నాను సెప్పినాను, తప్పెయ్యనేదు మావా, ఎనిమిదే ఏసినాను అని. కొలగాడు తప్పు సెప్తాడేటే అన్నాడు. అలగ అనుకునే పోయినాడు. నన్ను కాదని నిన్ను నమ్మినాడు."

అసిరయ్య కూర్చుండిపోయాడు.

"ఎనిమిదే" అన్నాడు.

"నాకు సెప్పీదేటి? నాకు తెల్దా?" అంది సుక్కాయి. "సంతలో సెప్పు. అందరి ముందర సెప్పు. అప్పుడట్టుకుంటాను నీ ఉప్పు."

తర్వాత లేచి లోపలికి వెళ్లి దొప్పలో నీళ్లు తెచ్చి ఇచ్చింది. కొలగాడు ఒకరి చేతి నీళ్లు తాగడం నేను ఎప్పుడూ చూడలేదు. అతను రెండు చేతులా పట్టుకుని గడగడా తాగాడు. ఇంకొంచెం కావాలన్నట్టు దొప్ప చాపాడు. ఆమె పోసింది.

ఉప్పుతోనే కిందికి దిగాం.

లక్ష్మివారం సంతకి జీపు వచ్చింది. అసిరయ్య కూర్చునే బండ పక్కనే బల్ల వేశారు. కళ్లజోడు పెట్టుకున్న కుర్ర ఆఫీసరు, ఒక బంట్రోతు, సుత్తి, ఒక లావు మేకు. ఊళ్లల్లోంచి తెచ్చిన కుంచాలూ మానికలూ గుట్టగా పడున్నాయి. ఎదురుగా మూడు కాళ్ల కొయ్యకి కొత్త కాటా వేలాడుతోంది. ఇనప గుండ్లు నల్లగా మెరుస్తున్నాయి. జనం అంతా అక్కడే మూగారు. రాళ్లూ చెప్పులూ దుంపలూ వేసి తూచుకుని నవ్వుకుంటున్నారు. కాటా వెనక కూర్మన్న షావుకారు, బాగా లావయ్యాడు.

అసిరయ్య నన్ను పట్టుకుని తన బండ ఎక్కి నిలబడ్డాడు. ఎన్నడూ దాని మీద నిలబడలేదు, కూర్చోవడమే.

"ఆలకించండి" అన్నాడు. ఎవరూ ఆలకించలేదు.

"తొమ్మిదేళ్ల కిందట ఈతగూడ సుక్కాయి కందులు తెచ్చినాది. నాను ఏడు కొలిచినానని సెప్పినాను. ఏడు కాదు. ఎనిమిది. లాభం రెండుసార్లు అన్నాను. తెలిసే దాసినాను."

దగ్గరున్న ఇద్దరు ముగ్గురు తిరిగి చూశారు. లచ్చుంనాయుడు అప్పటికి సంత పాట వదిలేశాడు. ఎవరో ఉల్లిపాయల మనిషి, "ఏటి తాతా, ఎప్పటి కందులు? ఉడికిపోయి అరిగిపోయినాయి గదా" అన్నాడు. నవ్వారు. కూర్మన్న కాటా మీంచి చెయ్యి తీయకుండానే అన్నాడు.

"అసిరయ్యా, ఆ లెక్క ఇప్పుడేలయ్యా? ఆ కుంచం కందులు కిలోల్లో ఎంతవుద్దో తెలుసా నీకు? తెల్దు గదా. మరింకేటి? దిగు, పడతావు."

మళ్లీ కాటా వైపు తిరిగిపోయారు. తొమ్మిదేళ్లు ఆ ఒక్క మాట బయటపడితే సంతే కూలిపోతుందని భయపడ్డాడు అసిరయ్య. మాట బయటపడింది. సంతలో ఒక్క గింజ కూడా కదల్లేదు. ఎవరికీ ఆ నోటితో ఇక పని లేదు. అతను బండ మీద అలాగే నిలబడ్డాడు. అంతమంది మధ్యలో అంత ఒంటరిగా ఉన్న మనిషిని నేను మరి చూడలేదు.

"మళ్లీ సెప్పు బాబూ."

ఉప్పు బళ్ల పక్క నుంచి సుక్కాయి వచ్చింది. ఈతగూడ వాళ్లు ఐదారుగురు ఆమె వెనక ఉన్నారు.

అసిరయ్య ఊపిరి తీసుకున్నాడు. ఈసారి అంకెలు పాడే గొంతుతో చెప్పాడు.

"ఎనిమిది. సుక్కాయి లెక్క సరే. కొలగాడి లెక్క తప్పు."

ఆ గొంతు సంతకి అలవాటైన గొంతు. అది వినబడగానే ఒక్క క్షణం అందరూ అలవాటు కొద్దీ చేతులాపి ఇటు తిరిగారు. ఆ ఒక్క క్షణం చాలింది. సుక్కాయి కొంగు ముడి విప్పి ఎనిమిది చింతపిక్కలు బండ మీద పెట్టింది. నల్లగా నున్నగా ఉన్నాయి. తొమ్మిదేళ్లు దాచిన పిక్కలు. ఈతగూడ వాళ్లు ఒక్కొక్కటీ వేలితో తాకి చూశారు.

"కొలు మరి" అంది.

అసిరయ్య దిగి కూర్చున్నాడు. నా అంచు మీద కర్ర లాగాడు. సుక్కాయి బుట్ట చాపింది. అతను నోరు తెరిచాడు. నాలుక చివర లాభం అన్న మాట వచ్చి ఆగింది. నాకు వినబడింది అది రావడం. లాభం అంటే వెనక రెండోది వస్తుందని. ఇక్కడ రెండోది లేదు. ఇక ఎప్పుడూ లేదు.

"ఒకటి" అన్నాడు.

ఆ మాట అతని నోట ఎన్నడూ వినలేదు నేను. ఉప్పు బుట్టలోకి జారింది.

సుక్కాయి ఎనిమిదో పిక్క తీసి నా ఖాళీ కడుపులో వేసింది. మిగిలిన ఏడూ బండ మీదే వదిలేసింది. "ఎల్లొత్తాను బాబూ" అంది. ఏడుపూ లేదు, నవ్వూ లేదు. కాని వెళ్తూ వెళ్తూ దారిలో తన మనుషులతో ఏదో అంటే, ఆ పాత పెద్ద నవ్వు ఒకసారి వినబడింది.

"ఏయ్, ఏం చేస్తున్నావయ్యా అక్కడ?" ఆఫీసరు అప్పుడు చూశాడు. "కుంచంతో కొలవకూడదని చెప్పానా లేదా? ఈ రోజు నుంచి నేరం అది. పట్రా ఇలా."

అసిరయ్య నన్ను రెండు చేతులా ఎత్తి బల్ల మీద పెట్టాడు. ఏడని అబద్ధం చెప్పిన రోజు ఎవరూ అతన్ని తప్పుపట్టలేదు. నిజం కొలిచిన రోజు జరిమానా రాశారు. కుర్ర ఆఫీసరు చెడ్డవాడు కాదు, రూలు అతనికీ కొత్తే. బంట్రోతు నన్ను బోర్లించాడు. పిక్క దొర్లి గడ్డిలో ఎక్కడో పడింది. అడుగున మేకు ఆన్చి సుత్తితో మూడు దెబ్బలు వేశాడు. జిట్రేగి గట్టిది, మూడో దెబ్బకి గాని తెగలేదు. ముద్ర కాల్చినప్పుడు నొప్పి వేసింది. ఇప్పుడు వెయ్యలేదు. చల్లటి గాలి ఒకటి అడుగు నుంచి పైదాకా వచ్చింది, అంతే.

అసిరయ్య జరిమానా కాగితం మీద వేలిముద్ర వేశాడు. అదే అతని చివరి ముద్ర నాకు సంబంధించినంత వరకు. ముంత చేత్తో పట్టుకుని కొండదారి వైపు కాసేపు చూసి, ఇంటివైపు నడిచాడు. వీపు మాత్రం కనిపించింది. ఆ తర్వాత అతను ఎన్నాళ్లు బతికాడో, దూలానికి ఆ కుండ ఇంకా వేలాడిందో లేదో నాకు తెలియదు. నాకు చెప్పేవాళ్లు ఎవరూ లేరు.

నన్ను తాలూకా ఆఫీసు గిడ్డంగిలో వేశారు. బెజ్జం పడిన కుంచాలు రెండు వందల దాకా ఉన్నాయి. ఆ గుట్టలో నెమలి ముద్ర ఉన్న లావు కవలని కూడా చూశాను. పుచ్చుకునే కుంచానికీ ఇచ్చే కుంచానికీ ఒకే మేకుతో బెజ్జం పెట్టారు. చాలామందిని చలికాలంలో బంట్రోతులు మంట వేసుకున్నారు. నాకు ముద్రలు రెండు ఉండటం వల్ల ఎవరో వచ్చి నన్ను ఏరి పట్నం తీసుకెళ్లారు. మ్యూజియంలో గాజు పెట్టెలో పెట్టారు. ముందు అట్ట మీద కుంచం, కలప, జమీందారీ కాలం అని రాశారు. చూసేవాళ్లు నెమలిని వేలితో చూపిస్తారు. సర్కారు ముద్రని చూపిస్తారు. బెజ్జం చూసి చెదలనుకుంటారు. ఈ మూడింటి మధ్యా ఒక మనిషి నోరు ఉండేదని అట్ట మీద రాయడానికి చోటు చాల్లేదు.

సాయంత్రం అయిదింటికి వాచ్‌మన్ తలుపులు మూసే ముందు పెట్టెల్లో వస్తువులన్నీ ఉన్నాయో లేదో లెక్కపెడతాడు. గుమ్మం దగ్గర మొదటి పెట్టె నాదే. రోజూ నా దగ్గరే మొదలుపెడతాడు. మొదట్లో నేను చెవి ఒగ్గి వినేవాణ్ణి, ఈ మనిషైనా పాతవాళ్ల మాట అంటాడేమోనని. అనడు. అతనికి తెలియదు.

ఒకటి, అని నన్ను చూసి ముందుకి వెళ్లిపోతాడు. లెక్క సరిగ్గానే ఉంది.